పెరూ భోజనం: నది ఒడ్డున 300 డాలర్లా, ప్యాటర్సన్‌లో అందులో సగమా? ఏది మేలు?

న్యూజెర్సీలో మా తెలుగు స్నేహితులు ఎవరైనా "ఈ వీకెండ్ కొత్తగా ఏం తిందాం?" అని అడిగితే నేను ముందుగా చెప్పేది పెరూ భోజనమే. అన్నం ఉంటుంది, కారం ఉంటుంది. నిమ్మరసం, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర ధారాళంగా పడతాయి. అసలు మిరపకాయ, టమాట, బంగాళాదుంప మన వంటింటికి వచ్చిందే పెరూ ఉన్న అమెరికా ఖండాల నుంచి. కాబట్టి నాలుక పెద్దగా బెదరదు. తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎక్కడ తినాలి? హడ్సన్ నది ఒడ్డున మన్‌హాటన్ లైట్లు చూస్తూ తినే పెద్ద రెస్టారెంట్‌లోనా, ప్యాటర్సన్ అనే ఊళ్లో కోళ్లు కాల్చే మామూలు హోటల్లోనా?

ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. మొదటిసారి తినేవాళ్లు ఖరీదైన చోట చెడ్డ భోజనం తింటే, తప్పు ఆ హోటల్‌ది అనుకోరు. పెరూ వంటే ఇంత కాబోలు అనుకుని మళ్లీ అటువైపు వెళ్లరు. మా స్నేహితుల విషయంలో జరిగింది అదే. నాకు చాలా బాధేసింది.

పోయిన చలికాలం మేమిద్దరం, ఇంకో జంట కలిసి నది ఒడ్డున ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. పేరు చెప్పను. ముందు సెవిచే 28 డాలర్లు, కౌసా అనే చల్లటి బంగాళాదుంప ముద్ద 18. తర్వాత ఆహీ దె గయీనా 33, రొయ్యలూ ఆల్చిప్పలూ వేసిన అన్నం 44, కాల్చిన కోడి సగం 34. ఆ జంటలో ఆవిడ శాకాహారి కాబట్టి కూరగాయలతో కీన్వా చౌఫా, అంటే ఫ్రైడ్ రైస్ లాంటిది, 27. చివర్లో ఒక స్వీట్ 14. నల్ల మొక్కజొన్నతో కాచే చీచా మొరాదా గ్లాసు 9 చొప్పున నాలుగు గ్లాసులు. మొత్తం 234. దానిమీద రాష్ట్రం పన్ను 6.625 శాతం, వాళ్లే వేసేసిన 20 శాతం సర్వీస్ చార్జి. కార్డు గీకింది 296 డాలర్లకి. ఇంటికొచ్చాక అందరం పెరుగన్నం తిన్నాం.

ధర ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ సెవిచే సంగతి వివరంగా చెప్పాలి. సెవిచేకి పొయ్యి అక్కర్లేదు, సమయమే ముఖ్యం. తాజా గట్టి చేపని ముక్కలు కోసి, ఉప్పు, మిరపకాయ, అప్పుడే పిండిన నిమ్మరసం, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ కలిపి కొద్ది నిమిషాల్లో తెచ్చి పెట్టాలి. ముక్క పైన తెల్లబడి, లోపల ఇంకా కొంచెం పారదర్శకంగా ఉండాలి. అడుగున మిగిలే పుల్లటి, కారపు రసాన్ని లేచే దె తిగ్రే అంటారు. అది చెంచాతో తాగాలనిపించాలి. పక్కన ఉడికించిన చిలగడదుంప ముక్క, పెద్ద గింజల చోక్లో మొక్కజొన్న, వేయించిన కాంచా గింజలు. పులుపుకి చిలగడదుంప తీపి విరుగుడు. పళ్లెంలో దేని పని దానికుంది.

మా ముందు పెట్టిన గిన్నెలో ముక్కలు మధ్యదాకా సుద్దలా తెల్లగా ఉన్నాయి. ఫోర్కుతో నొక్కితే పొడిపొడిగా విడిపోయాయి. అంటే ఎప్పుడో కలిపి ఫ్రిజ్‌లో పెట్టారన్నమాట. ఉల్లిపాయ మెత్తబడి గులాబీ రంగుకి తిరిగింది. రసంలో పంచదార తగిలింది. చోక్లో ఉండాల్సిన చోట సూపర్‌మార్కెట్ స్వీట్ కార్న్. చిలగడదుంప బదులు ఒక పల్చటి చిప్స్ ముక్క నిలబెట్టి, పక్కన రెండు పువ్వులు పెట్టారు. అడిగితే వెయిటర్ చాలా మర్యాదగా "చెఫ్ స్టైల్" అన్నాడు. ఆ అబ్బాయిని ఏమనగలం!

కోడి కూడా అంతే. రొమ్ము ముక్క నోట్లో తిరగలేదు, చర్మం మెత్తగా సాగింది. ఆహీ దె గయీనా ఒక్కటే ఫరవాలేదు. ఉడికించి పీచులుగా తీసిన కోడి మాంసాన్ని ఆహీ అమరీయో అనే పసుపు మిరపకాయ, పాలు, నానబెట్టిన బ్రెడ్, గింజల ముద్దతో చిక్కటి గ్రేవీగా చేసే వంట అది. నిలవ ఉన్నా పెద్దగా చెడదు. అందుకే బతికిపోయింది.

ఇప్పుడు ప్యాటర్సన్ సంగతి. ఎడిసన్ వైపు నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట. పసాయిక్ నది జలపాతం పక్కన పట్టు మిల్లులతో పెరిగిన పాత ఊరు. గత శతాబ్దం మధ్య నుంచి మిల్లుల్లో పనికోసం వచ్చిన పెరూ వాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. ఇవాళ పెరూ కాన్సులేట్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కల ప్రాంతానికి 2016లో పెరూ స్క్వేర్ అని పేరు పెట్టారు. పెరూ స్వాతంత్ర్య దినం జులై 28. ఆ రోజులకి అటుఇటుగా వెళ్తే వీధి నిండా ఎరుపు తెలుపు జెండాలే. హోటళ్లలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆ దేశం వాళ్లే. తప్పుగా వండితే వంటవాడికి మొహం మీదే చెప్పేస్తారు. నా దృష్టిలో ధర కంటే ఇదే పెద్ద తేడా.

అక్కడ కోడి కాల్చడం చూస్తే చాలు, ఆకలి వేస్తుంది. బొగ్గుల ముందు ఇనప చువ్వలకి వరసగా గుచ్చిన కోళ్లు మెల్లగా తిరుగుతుంటాయి. ముందు రోజే సోయా సాస్, జీలకర్ర, వెల్లుల్లి, ఎండు మిరప ముద్ద, వెనిగర్ పట్టించి నానబెడతారు. పై వరస కొవ్వు కరిగి కింది వరస మీద పడుతూ ఉంటుంది. బొగ్గు మీద చుక్క పడినప్పుడల్లా పొగ లేచి మళ్లీ ఆ మాంసానికే పడుతుంది. కౌంటర్ వెనకాల మనిషి చువ్వ నుంచి కోడిని లాగి, చెక్క దిమ్మ మీద పెట్టి, పెద్ద కత్తితో నాలుగు దెబ్బల్లో నాలుగు ముక్కలు చేస్తాడు. ఎముక దగ్గర నుంచి ఆవిరి లేస్తుంది. చర్మం గోధుమరంగులో, అక్కడక్కడా నల్ల మచ్చలతో కరకరలాడుతుంది. ఈ పోయో ఆ లా బ్రాసా పెరూలో మరీ పాత వంటేం కాదు. 1950లో లీమా శివార్లలోని శాంటా క్లారాలో రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ ఆయన కోళ్లఫారం పెట్టి మొదలుపెట్టినది. ఇప్పుడు జులైలో మూడో ఆదివారం దానికోసం దేశమంతా ఒక పండగే చేసుకుంటుంది.

దాంతో ఇచ్చే పచ్చటి సాస్ గురించి చెప్పకపోతే పాపం. పచ్చిమిరప, వాకతాయ్ అనే ఘాటైన ఆకు, చీజ్ కలిపి రుబ్బినది. మా ఆయన దాన్ని అన్నంలో కలుపుకుని తింటాడు.

అదే నలుగురం ప్యాటర్సన్‌లో తిన్న లెక్క చూడండి. బంగాళాదుంప వేపుడు, సలాడ్‌తో మొత్తం కోడి 32. సెవిచే 19. కొత్తిమీర ముద్దలో ఉడికిన మేక మాంసం, సేకో దె కబ్రీతో, 22. కూరగాయల చౌఫా 17, చీజ్ సాస్ పోసిన బంగాళాదుంప, పాపా ఆ లా వాంకయీనా, 10, వేయించిన కర్రపెండలం 8. చీచా మొరాదా జగ్గు 14. మొత్తం 122. పన్ను, టిప్పు కలిపినా 155 దాటలేదు. పైగా రెండు డబ్బాలు ఇంటికి తెచ్చుకున్నాం. సెవిచే ముక్కలు నిగనిగలాడుతూ వచ్చాయి, రసం ముక్కుకి ఎక్కింది. మేక మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడింది. పెరూ ఉత్తరాది వాళ్ల వంట అది. ఆదివారం మటన్ లేకపోతే గడవనివాళ్లు ముందు దీన్నే అడగండి.

మరి నది ఒడ్డు రెస్టారెంట్‌లో ఆ రెట్టింపు డబ్బు ఎక్కడికి పోతుంది? కొంత అద్దెకి. కొంత మందు లైసెన్సుకి. న్యూజెర్సీలో బార్ లైసెన్సులకి జనాభా లెక్కన పరిమితి ఉంది, 3,000 మందికి ఒకటి చొప్పున. అందుకే గిరాకీ ఉన్న ఊళ్లలో పాత లైసెన్సు లక్షల డాలర్లు పలుకుతుంది. ఆ ఖర్చు పిస్కో సవర్ అనే కాక్‌టెయిల్ తాగనివాళ్ల బిల్లులోంచి కూడా వస్తుంది. మిగతాది అలంకరణకి, కిటికీకి. వంటలోకి వెళ్లేది తక్కువ. వారం మధ్యలో గిరాకీ పల్చగా ఉన్నప్పుడు చేప, కోడి నిలవ పడతాయి, రుచి అక్కడే చస్తుంది. ప్యాటర్సన్‌లో శనివారం మధ్యాహ్నం చువ్వలు ఖాళీ అవుతూనే ఉంటాయి, నిలవకి అవకాశమే తక్కువ.

అయితే ఖరీదైన పెరూ భోజనం అంటేనే మోసం అనడం న్యాయం కాదు. లీమాలోని సెంత్రాల్ 2023లో, మైదో 2025లో ప్రపంచంలో 50 మేటి రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచాయి. సముద్రం నుంచి ఆండీస్ కొండల ఎత్తుదాకా ఏ ఎత్తులో ఏం పండుతుందో దాన్నిబట్టి మెనూ కడుతుంది సెంత్రాల్. 1899 నుంచి వలస వచ్చిన జపాన్ వాళ్ల చేతివాటం, పెరూ సరుకు కలిసిన నిక్కేయి వంటని పైకి తీసుకొచ్చింది మైదో. అక్కడ డబ్బు తీసుకునేది ఎవరూ చేయని పనికి. పల్చగా కోసిన చేప మీద సాస్ పోసే తిరాదితో లాంటివి బాగా చేసే చోటు దొరికితే నేనూ ఖర్చుపెడతాను. మామూలు కోడికి, అన్నానికి రెట్టింపు తీసుకుని, అవే సరిగ్గా చేయకపోవడం మీదే నా కోపం.

నది ఒడ్డు రెస్టారెంట్ నెగ్గే విషయాలు కూడా ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, కూర్చోడానికి నెమ్మదైన చోటు కావాలి, మెనూ ఇంగ్లీషులో కావాలి, కారు పార్కింగ్ టెన్షన్ వద్దు అంటే అదే సుఖం. ప్యాటర్సన్‌లో వీకెండ్ పార్కింగ్ నిజంగా కష్టం. టీవీలో ఫుట్‌బాల్ గోల, స్పానిష్‌లో సంభాషణ, బయట లైను. చిన్నపిల్లలకి ఆ సందడి నచ్చుతుంది, పెద్దవాళ్లకి నచ్చకపోవచ్చు. పెళ్లిరోజు లాంటివాటికి ఆ నది ఒడ్డు చోటే ఎంచుకుంటే, ఒకటి రెండు చిన్న ప్లేట్లు, డ్రింకులతో సరిపెట్టుకుని భోజనం వేరేచోట పెట్టుకోవడం మంచిది.

మూడో దారి ఇల్లు. దాని గురించి ఎక్కువ చెప్పను. లాటిన్ సరుకుల షాపుల్లో ఆహీ అమరీయో ముద్ద సీసాల్లో దొరుకుతుంది. అది ఒక్కటి ఉంటే పాపా ఆ లా వాంకయీనా ఇరవై నిమిషాల పని. ఉడికించిన బంగాళాదుంప చక్రాల మీద ఆ ముద్ద, తెల్ల చీజ్, పాలు, ఉప్పు బిస్కెట్లు కలిపి మిక్సీ పట్టిన సాస్ పోయడమే. ఆహీ దె గయీనా కూడా ఇంట్లో బాగా కుదురుతుంది. బొగ్గు మీద కోడి మాత్రం అపార్ట్‌మెంట్‌లో కుదరదు. సెవిచే కూడా, పచ్చిగా తినడానికి పనికొచ్చే చేపని అమ్మే నమ్మకమైన షాపు దగ్గర్లో లేకపోతే, ఇంట్లో వద్దు.

నన్నడిగితే, నలుగురు అంతకంటే ఎక్కువమంది వెళ్తుంటే ప్యాటర్సన్, అందులోనూ మధ్యాహ్నం. లీమాలో సెవిచే మధ్యాహ్నపు తిండే. పొద్దున దిగిన చేప ఒంటిగంటకల్లా పళ్లెంలో ఉండాలని వాళ్ల లెక్క. అక్కడ చాలా సెవిచే హోటళ్లు సాయంత్రానికి కట్టేస్తారు. 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది కూడా సెవిచే చేసే, తినే పద్ధతులనే. ఎక్కడికి వెళ్లినా "సెవిచే ఆర్డర్ ఇచ్చాకే కలుపుతారా?" అని అడగండి. తడబడితే ఇంకోటి చెప్పుకోండి.

బీఫ్ తిననివాళ్లు బీఫ్ వేపుడు లాంటి లోమో సాల్తాదోని కోడితో చేయమంటే చేస్తారు, పోయో సాల్తాదో అనాలి. ఆంటికూచో చువ్వల మీద కాల్చేది ఆవు గుండె, చూసి చెప్పుకోండి. శాకాహారులకి పాపా ఆ లా వాంకయీనా, కర్రపెండలం, చీజ్‌తో చోక్లో దొరుకుతాయి. బేసిల్, పాలకూర సాస్ కలిపిన తయారీనెస్ వెర్దెస్ నూడుల్స్ కూడా బాగుంటాయి, పైన మాంసం ముక్క వద్దని చెప్పాలి. వాంకయీనా మీద ఉడికించిన గుడ్డు పెడతారు, అదీ ముందే చెప్పేయండి. పప్పు, చిక్కుడు గింజలు చూసి తొందరపడొద్దు. వాటిలో చాలాసార్లు పంది మాంసం వేసి ఉడికిస్తారు. చౌఫాలో మామూలుగా గుడ్డు ఉంటుంది, సోయా సాస్ కాస్త తగ్గించమంటే ఇంకా బాగుంటుంది.