పుస్తక చరిత్ర చదవాలంటే: టొరంటో, లండన్, జాదవ్‌పూర్, హైదరాబాద్‌లలో ఏది మేలు?

పుస్తకంలో ఏముందో చెప్పే కోర్సులకు మనకు కొదవ లేదు. ఆ పుస్తకాన్ని ఎవరు అచ్చువేశారు, ఎన్ని ప్రతులు తీశారు, ఎంతకు అమ్మారు, ఎవరు కొన్నారు అని అడిగే చదువు వేరు. ఆ చదువు కోసం ఎక్కడికి వెళ్లాలని అడిగేవారిని నేను ముందుగా ఒకటి అడుగుతాను. మీరు రాయబోయేది షేక్‌స్పియర్ నాటకాల ముద్రణ చరిత్రా, 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ముద్రణ చరిత్రా? మొదటిదైతే కింది మాటలు మీకు అంతగా పనికిరావు.

టొరంటో విశ్వవిద్యాలయంలో ఇది విడి డిగ్రీ కాదు. ముందు ఇంగ్లీషు, చరిత్ర వంటి ఏదో ఒక విభాగంలో సీటు రావాలి. ఆ డిగ్రీకి తోడుగా పుస్తక చరిత్ర, ముద్రణ సంస్కృతి చదువుతారు. దీనికి నెలవైన మాసీ కళాశాలలో పంతొమ్మిదో శతాబ్దపు చేతి ముద్రణ యంత్రాలున్నాయి. అక్షరాలు పేర్చడం, సిరా పూయడం, కాగితం మీద ఒత్తి తీయడం చేత్తో చేస్తేగానీ అచ్చుతప్పు ఎలా పుడుతుందో తెలియదు. అయితే అక్కడ పేర్చేది ఇరవై ఆరు అక్షరాల భాష. తెలుగు అక్షరాలు పేర్చే కంపోజిటర్ ముందుండే గళ్ల పెట్టెలో గుణింతాలకు, ఒత్తులకు కలిపి కొన్ని వందల గళ్లు. ఒత్తు కిందికి దిగుతుంది కాబట్టి పంక్తుల మధ్య చోటు వదలాలి, పేజీకి పంక్తులు తగ్గుతాయి, కాగితం ఖర్చు పెరుగుతుంది. మన పుస్తకం ధర వెనక ఒత్తుల చేయి కూడా ఉందన్నమాట. ఈ లెక్క టొరంటోలో ఎవరూ నేర్పరు. పీహెచ్.డి. విద్యార్థులకు విశ్వవిద్యాలయమే నిధులిస్తుంది కాబట్టి, అంత దూరం వెళ్లదలిస్తే పీహెచ్.డి.కే వెళ్లడం మంచిది.

లండన్ సంగతి వేరు. లండన్ విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్‌లో పుస్తక చరిత్రపై ఏడాది ఎం.ఏ. చదువుతూ, నడిచి బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లిరావచ్చు. 1867 చట్టం ప్రకారం మన దేశంలో ముద్రాపకుడు తాను అచ్చువేసిన ప్రతి పుస్తకం కాపీలనూ ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి వాటి జాబితా వేసేది. పుస్తకం పేరు, రచయిత, ముద్రాపకుడు, పేజీలు, సైజు, ప్రతుల సంఖ్య, ధర అన్నీ అందులో ఉంటాయి. సాహిత్య చరిత్రల్లో పేరైనా కనబడని పంచాంగాలు, పాటల పుస్తకాలు, బడి వాచకాలు ఈ జాబితాల్లో వరసకట్టి నిలబడతాయి. ఆ జాబితాలే కాదు, వాటిలోని ఎన్నో పుస్తకాలు కూడా ఆ లైబ్రరీలో ఉన్నాయి. అప్పట్లో బ్రిటిష్ మ్యూజియంలో, ఇప్పుడు ఈ లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాలకు బార్నెట్ అనే పండితుడు వేసిన కేటలాగు 1912లోనే వచ్చింది. పదవీ విరమణ తర్వాత సి.పి. బ్రౌన్ తెలుగు ఆచార్యుడిగా పనిచేసిందీ ఆ ఊళ్లోనే. నాలుగింటిలో నాకు అసూయ పుట్టించేది ఇదే. కానీ ఫీజు లక్షల్లో ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చెవెనింగ్ ఉపకారవేతనం వస్తే సరి, దానికి రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. పైగా అంతా ఒక్క లైబ్రరీ మీద ఆధారపడ్డ చదువు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆ లైబ్రరీ కేటలాగు నెలల తరబడి మూతపడింది. అప్పుడే చేరిన విద్యార్థి ఏడాది ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి.

కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం మన దేశంలో ఈ రంగానికి పెద్దదిక్కు. ఠాగూర్ రచనల రాతప్రతులను, ముద్రిత పాఠాలను పక్కపక్కన పెట్టి పోల్చుకునే ‘బిచిత్ర’ అనే డిజిటల్ సంకలనాన్ని 2013లో వాళ్లే తెచ్చారు. అలాంటిది మన గురజాడకు లేదు. హౌరాలో లోకల్ రైలెక్కితే శ్రీరాంపూర్ వెళ్లవచ్చు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది అక్కడే. పద్ధతి నేర్చుకోవడానికి ఇంత చవకైన చోటు మరొకటి లేదు. తెలుగు చదివి దిద్దగల మార్గదర్శకుడు దొరకడమే కష్టం.

ఇక హైదరాబాదు. పీహెచ్.డి. చేసేవారికిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు ఊళ్లోనే ఉన్నాయి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఒక రాత్రి ప్రయాణం. లోటు ఎక్కడంటే, మన తెలుగు శాఖలకు పుస్తకమంటే కవిత్వమో కథో. కాగితం, ధర, ప్రతులు అంటే అది వాణిజ్యశాస్త్రం కదా అంటారు. అయినా 1746 నుంచి 1857 వరకు తెలుగు ముద్రణలో ఐరోపా పండితుల కృషిని జె. మంగమ్మ తవ్వితీసి, 1975లోనే పుస్తకంగా తెచ్చారు.

నా ఓటు హైదరాబాదుకే, ఒక షరతు మీద. పీహెచ్.డి. ఇక్కడ చేస్తూ, పద్ధతి కోసం జాదవ్‌పూర్ వారి సదస్సులకు వెళ్లాలి. వీలు చిక్కితే ఒక వేసవిలో లండన్ రేర్ బుక్స్ స్కూల్ నడిపే వారం రోజుల కోర్సు చేసి, మరో నెల అక్కడే ఉండి జాబితాలు చూసుకోవాలి. ఏడాది ఎం.ఏ. ఫీజుతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ. మా ఊళ్లో పెళ్లి శుభలేఖలు అచ్చువేసిన ట్రెడిల్ మిషన్ ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. సీసపు అక్షరాలు కూడా తూకానికే వెళ్లాయి. వాటిని పేర్చిన కంపోజిటర్ ఇంకా ఉన్నాడు, ఏ అక్షరం ఏ గడిలో ఉండేదో కళ్లు మూసుకుని చెబుతాడు. దరఖాస్తు ఏ ఊరికి పెట్టినా, అంతకంటే ముందు రికార్డరు పట్టుకుని అలాంటివారి దగ్గరికి వెళ్లండి.