పెరంబూరు వీధుల్లో యూనియన్ నాయకత్వ పాఠం: ఒక శిక్షణ తరగతి గురించి

చెన్నైలో కార్మిక సంఘాల నిర్వాహకుల కోసం ఒక చిన్న అధ్యయన బృందం నడుపుతున్న ఒకరోజు శిక్షణ తరగతికి మా యూనియన్ తరఫున కొందరు తెలుగు సభ్యులం కలిసి వెళ్లాము. ముందుగా కోరితే పాఠం తెలుగులోనే చెబుతారు. ఉదయం మెరీనాలోని శ్రామికుల విగ్రహం దగ్గర మొదలై, పెరంబూరు మిల్లు వీధుల మీదుగా సాగి, సాయంత్రం ఒక హాలులో చర్చతో ముగిసే ఈ తరగతిని అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు కర్మాగారాల్లో పనిచేసే తెలుగువారు తప్పక చూడాలని నా అభిప్రాయం. సరిదిద్దవలసిన లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ చెబుతాను.

నాయకత్వ శిక్షణ అంటే ధైర్యం, వాగ్ధాటి, ఓర్పు అంటూ గుణాలను ఏకరువు పెట్టడమే మనకు అలవాటు. ఇక్కడ అలా చేయరు. ఫలానా సంవత్సరంలో ఫలానా మనిషే ఎందుకు ముందుకు రావలసి వచ్చింది, ఆనాటి చట్టం, పోలీసు, కులం, రాజకీయం అతనికి ఏ దారి తెరిచి ఏ దారి మూశాయి అన్నదే రోజంతా నడిచే ప్రశ్న.

పెరంబూరులో చెప్పిన భాగం ఈ తరగతికి ప్రాణం. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికుల కోసం 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడినప్పుడు దానికి పూనుకున్న సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు మిల్లు కార్మికులు కారు, అధ్యక్షుడైన బి.పి. వాడియా బొంబాయి నుంచి వచ్చిన పార్సీ, దివ్యజ్ఞాన సమాజీకుడు, హోంరూల్ ఉద్యమంలో 1917లో అనీబిసెంటుతో పాటు నిర్బంధానికి గురైనవాడు. లోపలి కార్మికుడు నోరు విప్పితే మర్నాటికి ఉద్యోగం ఉండదు, అతన్ని కాపాడే చట్టమూ లేదు. కాబట్టి యాజమాన్యం పనిలోంచి తీసివేయలేని మనిషి, దొరల భాషలో దొరలకు జవాబు చెప్పగల మనిషి కావలసి వచ్చాడు. అయితే బయటివాడైనా చట్టం విడిచిపెట్టలేదు. ఆ మిల్లులను నడిపే బిన్నీ కంపెనీ వాడియా తదితరులపై హైకోర్టుకు వెళ్లి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. యూనియన్ పెట్టడమే నేరంగా మారే ఆ స్థితిని చూసి కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాల చట్టం కోసం తీర్మానం పెట్టారు, 1926లో చట్టం వచ్చింది.

ఆ చట్టం నిర్వాహకుల్లో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేసేవారై ఉండాలన్నది. 2001 సవరణ అసంఘటిత రంగం మినహా మిగతాచోట్ల బయటివారిని మూడో వంతుకు లేదా ఐదుగురికి, ఏది తక్కువైతే దానికి, పరిమితం చేసింది. ఇక్కడి నుంచి శిక్షకుడు నేరుగా 2024లో శ్రీపెరుంబుదూరు సామ్‌సంగ్ కర్మాగారంలో 37 రోజులు సాగిన సమ్మెకు వచ్చారు. యూనియన్ నమోదే ప్రధాన డిమాండు అయిన ఆ సమ్మెలో సీపీఎం అనుబంధ కార్మిక సంఘమైన సీఐటీయూ నాయకులు ముందుండి నడిపారు. లోపలివాడా, బయటివాడా అన్న ప్రశ్న నూరేళ్ల తరువాత కూడా చెన్నై పరిసరాల మట్టిలోనే నిలిచి ఉండడం మా అందరినీ ఆలోచింపజేసింది.

వి.వి. గిరి గురించి చెప్పినది తెలుగువారిగా మాకు మరింత దగ్గరగా తోచింది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐరిష్ పోరాటాన్ని కళ్లారా చూసిన యువకుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడై, 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. తీర్పరి చేతికి వివాదాన్ని అప్పగించే అలవాటు యూనియన్‌ను బలహీనపరుస్తుందని, ఇరుపక్షాలూ నేరుగా చర్చించుకోవాలని వాదించారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును (అవార్డును) ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు.

ఇక లోపాలు. అవే బిన్నీ మిల్లుల్లో జరిగిన 1921 సమ్మెను ఐదారు వాక్యాల్లో దాటవేశారు. ఆ ఏడాది సవర్ణ, ముస్లిం కార్మికులు ఒకవైపు, ఆది ద్రావిడ (దళిత) కార్మికులు మరొకవైపు చీలిపోయి, మిల్లుల దగ్గరి పుళియాంతోపులో అల్లర్లు చెలరేగాయి. ఆది ద్రావిడుల పక్షాన దళిత నాయకుడు ఎం.సి. రాజా మాట్లాడారు. సంఘంలో తమ మాటకు చోటు లేదనుకున్నవారు సమ్మెకు దూరంగా ఉండడం నాయకత్వ వైఫల్యం కాదా అని మాలో ఒకరు అడిగితే, సమయం లేదన్న సమాధానమే వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకూ పర్మనెంటు కార్మికులకూ మధ్య నేడు మనం చూస్తున్న దూరాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ భాగానికి కనీసం గంట కేటాయించాలి.

మహిళల ప్రస్తావన ఇంకా తక్కువ. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు వద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారపు మహిళలు హాస్టల్ భోజనం విషయమై జాతీయ రహదారి మీద బైఠాయించారు. పేరున్న నాయకుడెవరూ ముందు లేకుండానే అంతమందిని కదిలించినది ఏమిటో చర్చించకుండా నాయకత్వ పాఠం పూర్తి కాదు.

రుసుము అందుబాటులోనే ఉంది, భోజనం బాగుంది. ఇచ్చిన కరపత్రాలు తమిళంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. తెలుగు ప్రతి సిద్ధం చేస్తే అనువాదానికి సాయపడతామని మేము రాసి ఇచ్చాము. వేసవిలో మధ్యాహ్నపు నడక వృద్ధులకు కష్టం, కాబట్టి మార్గశిరం నుంచి మాఘం వరకు జరిగే బృందాల్లో చేరడం మంచిది. కొత్తగా ఎన్నికైన నిర్వాహకులు తమ మొదటి డిమాండ్ల పత్రం రాయడానికి ముందే ఈ తరగతికి వెళ్లాలి.