పెన్నీతో ఏడాది: అయిదుకు నాలుగు మార్కులు

మా అమ్మాయి అమెరికాలోని ఒహాయోలో ఉద్యోగం మానేసి తిరిగి వచ్చేటప్పుడు నాలుగు సూట్‌కేసులు, ఒక కుక్క తెచ్చింది. హైదరాబాదులో ఆమె అద్దెకు తీసుకున్నది తొమ్మిదో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు, ఆ కుక్కకు నాలుగు కాళ్లూ వణికేవి. అందుకని అది నల్లగొండలో, పానగల్లు దారిలో ఉన్న మా ఇంటికి చేరింది. పేరు పెన్నీ. మా ఆవిడ మూడో రోజుకే దాన్ని పెన్నమ్మను చేసింది.

అమ్మాయికి ఈ కుక్కను ఇచ్చిన అక్కడి సంస్థ సేవ ఎలా ఉందో రాయడానికి నాకు రెండు అర్హతలున్నాయి. ఒకటి, ఏడాదిగా దానికి అన్నం పెడుతున్నాను. రెండు, జైళ్ల శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి హెడ్ వార్డరుగా రిటైరయ్యాను. పెన్నీకి చదువు చెప్పింది ఒక ఖైదీ.

అమెరికాలో ఇది కొత్త సంగతేమీ కాదు. 1981లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ఆడవాళ్ల జైలులో పౌలీన్ క్విన్ అనే ఆవిడ మొదలుపెట్టింది. తరువాత చాలా రాష్ట్రాలకు పాకింది. ఆశ్రయ కేంద్రంలో ఎవరూ తీసుకోని కుక్కలను జైలుకు పంపుతారు. కుక్క ఖైదీతోపాటు అతని గదిలోనే ఉంటుంది, అక్కడే తింటుంది, అక్కడే పడుకుంటుంది. చదువు పూర్తయ్యాక సంస్థ దాన్ని పెంచుకునేవాళ్లకు ఇస్తుంది. పెన్నీ అలా పది వారాలు ఉంది. మా జైళ్లలో ఖైదీలు సబ్బులు చేయడం, బల్లలు చేయడం, పెట్రోలు బంకు నడపడం ఎరుగుదును. కుక్కకు పాఠం చెప్పడం మాత్రం నా ఉద్యోగ కాలంలో చూడలేదు. అమ్మాయి మొదటిసారి చెప్పినప్పుడు నమ్మలేదు కూడా. మా వీధివాళ్లయితే ఇప్పటికీ అడుగుతుంటారు, "ఏం నేరం చేసిందండీ?" అని.

మొదటి రోజు సంగతి చెప్పాలి. కారు దిగిన పెన్నీ అమ్మాయి కాళ్ల వెనకే నక్కింది. మా ఆవిడ పిలిస్తే రాలేదు, బిస్కెట్టు చూపితే రాలేదు. నేను గేటు తీయడానికి జేబులోంచి తాళాల గుత్తి తీశాను. ఆ గలగల వినగానే చెవులు నిక్కబొడుచుకుని నా ముందుకు వచ్చి, తలుపుకు ఎదురుగా బుద్ధిగా కూర్చుంది. తోక నేలను ఊడుస్తోంది. తాళాలు మోగితే తలుపు తెరుస్తారు, తలుపు తెరిస్తే బయట తిరగవచ్చు. దానికి తెలిసిన లెక్క అది. నా తాళాల చప్పుడుకు సంతోషించిన ప్రాణిని ముప్పై రెండేళ్లలో చూడలేదు, అప్పుడు చూశాను.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది కుక్కతోపాటు ఇచ్చిన నోటుపుస్తకం. శిక్షణ ఇచ్చిన ఖైదీ రోజూ రాసినది. అమ్మాయి తెలుగులో చదివి వినిపించింది. మొదటి రోజు: మంచం కింద. రెండో రోజు: మంచం కింద. మూడో రోజు: మంచం కిందే, ముక్కు మాత్రం బయట. ఆరో రోజు: నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను, వచ్చి నా వీపు వాసన చూసింది. డ్యూటీ రిజిస్టర్లు నేను చాలా చూశాను, నేనూ నింపాను. జరగని రౌండు జరిగినట్టు రాయడం మాలో కొందరికి అలవాటు. ఇతను మాత్రం జరగనిది జరగలేదనే రాశాడు.

పుస్తకం చివర పరీక్ష సంగతి ఉంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ అనే కుక్కల సంఘం వారిది, కుక్క నడవడికి పది అంశాల పరీక్ష. కొత్త మనిషి పలకరిస్తే బెదరకూడదు, జనంలోంచి నడవాలి, యజమాని కనబడకుండా మూడు నిమిషాలు ఓర్చుకోవాలి, ఇలాంటివి. పదిలో ఒకటి పోయినా తప్పినట్టే. పెద్ద చప్పుడు దగ్గర పెన్నీ మొదటిసారి తప్పింది, రెండోసారి నెగ్గింది. సైలెన్సర్ ఊడిన ఆటో ఆ పరీక్షలో లేదు. దీపావళి అసలే లేదు.

ఇక లోపం. అమెరికాలో ఉన్నప్పుడు మొదటి రెండు వారాలు పెన్నీ రాత్రి నిద్రపోలేదు. అమ్మాయి లైటు ఆర్పగానే లేచి గోడ పక్కనే తిరిగేది, మూలిగేది. సంస్థవాళ్లకు ఫోన్ చేస్తే "కొత్త చోటు కదా, అలవాటవుతుంది" అన్నారట. పశువైద్యుడు మందు రాశాడు. ఒక ఆదివారం అమ్మాయి ఈ గోడు నాకు ఫోనులో చెప్పుకుంది. లైటు వేసి పడుకోమన్నాను. ఆ రాత్రే నిద్రపోయింది. బ్యారక్‌లో రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల ఎవరున్నారో వార్డరుకు కనబడాలి. అది ఒహాయో అయినా నల్లగొండ అయినా అంతే. పుస్తకంలో అన్నీ రాసిన ఆ మనిషి ఈ ఒక్కటీ రాయలేదంటే, అది అతని తప్పు అనను. అతనికే చీకటి గది ఎలా ఉంటుందో గుర్తుండి ఉండదు. తప్పు సంస్థది. అప్పగించే ముందు ఒక్క రాత్రి మామూలు ఇంట్లో పడుకోబెట్టి చూస్తే తెలిసిపోయేది. నేను తగ్గించిన ఆ ఒక్క మార్కు దీనికే.

ఖర్చు సంగతి. సంస్థకు కట్టింది 250 డాలర్లు. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, చర్మం కింద గుర్తింపు చిప్పు అన్నీ అందులోనే. అసలు ఖర్చు విమానానిది, దానితోపాటు తిరుగుడు. రేబిస్ టీకా వేయించి 30 రోజులు దాటాలి, అక్కడి పశువైద్యుడి పత్రానికి వారి ప్రభుత్వ ముద్ర పడాలి, ఇక్కడి క్వారంటైన్ కార్యాలయం అనుమతి ముందే చేతిలో ఉండాలి. బెదురు కుక్క కావాలంటే ఇంత పని అక్కరలేదు, మన ఊళ్లోనే బోలెడున్నాయి. ఆ నోటుపుస్తకం లాంటిది రాసి ఇచ్చేవాళ్లే కరువు.

దీపావళి నాడు పెన్నీ స్నానాల గదిలో బకెట్టు వెనక దూరింది. మా ఆవిడ పెరుగన్నం తెచ్చి పెట్టినా ముట్టలేదు. ఏం చేయాలో తోచక ఆరో రోజు పాఠం గుర్తు చేసుకున్నాను. మోకాళ్ల నొప్పితోనే నేల మీద చతికిలబడి, దానివైపు వీపు పెట్టి, గోడ పలకలు లెక్కపెడుతూ కూర్చున్నాను. పక్కింటివాళ్ల లక్ష్మీబాంబులు ఆగేసరికి రాత్రి పదకొండయింది. అప్పుడు వీపుకు తడి ముక్కు తగిలింది.

ఆ ఖైదీ పేరు మాకు చెప్పలేదు. నియమం అది, సరైన నియమమే. కానీ సంస్థ ద్వారా ఉత్తరం పంపవచ్చన్నారు. ఖైదీలకు వచ్చిన ఉత్తరాలు జైలరు బల్ల మీదికి మోసినవాణ్ణి కనుక అవి ఎక్కడెక్కడ ఆగుతాయో నాకు తెలుసు. అయినా మొన్న తెలుగులో నాలుగు ముక్కలు రాసి, ఇంగ్లీషు చేసి పంపమని అమ్మాయికి ఇచ్చాను. బరువు 19 కిలోలు. పెరుగన్నం ఇష్టంగా తింటోంది. సిట్ అంటే కూర్చుంటుంది, కూచో అన్నా కూర్చుంటుంది. వరండాలో జీరో బల్బు వేసి ఉంచుతున్నాం, కరెంటు పోయినా ఆరకుండా దాన్ని ఇన్వర్టర్‌కు కలిపించాను.