టోనీ రైస్ ‘చర్చ్ స్ట్రీట్ బ్లూస్’: సోలోల కోసం కాదు, పాట వెనక గిటార్ కోసం

అమెరికన్ గిటారిస్టు, గాయకుడు టోనీ రైస్ చేసిన ఈ ఆల్బమ్ గురించి ఎవరు రాసినా సోలోల గురించే రాస్తారు. ఆ వేగం, ఆ స్పష్టత, అంతకుముందు గిటారిస్టు క్లారెన్స్ వైట్ వాయించిన 1935 నాటి మార్టిన్ డి-28 గిటార్ చేతులు మారి ఈయన దగ్గరికి వచ్చిన కథ, 550 డాలర్ల బేరం, ఇవన్నీ బ్లూగ్రాస్ (బాంజో, ఫిడిల్, మాండలిన్‌లతో సాగే అమెరికన్ పల్లె సంగీతం) వినేవాళ్లకి ఈపాటికి కంఠతా వచ్చు కాబట్టి వదిలేస్తున్నా. ఏళ్ల తరబడి విన్నాక నాకు ముఖ్యంగా మిగిలింది వేరే. టోనీ రైస్ పాడుతున్నప్పుడు ఆ పాట కింద నడిచే గిటార్. చరణాల మధ్య బ్రేక్‌లో, అంటే సోలో వచ్చే చోట, అందరూ చెవులు నిక్కబొడుచుకుని వినేది కాదు, ఆయన నోట మాట ఉన్నంతసేపూ వెనకాల ఉండేది. 1983లో వచ్చిన ఈ రికార్డుని ఇంకా వింటున్నానంటే దానికోసమే.

బ్లూగ్రాస్ బ్యాండ్‌లో గిటార్‌ది మామూలుగా చిన్న ఉద్యోగం. బేస్ తీగ మీద ఒక దెబ్బ, మిగతా తీగల మీద ఒక గీత, మళ్లీ దెబ్బ, మళ్లీ గీత. మిగతా పనికి మనుషులున్నారు. మాండలిన్ ఎదురు తాళంలో ‘చక్ చక్’మని కొడుతూ ఉంటుంది (మాండలిన్ అనగానే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొస్తాడు, ఇక్కడ మాత్రం పాట జరుగుతున్నంతసేపూ దానిది డ్రమ్ముల డ్యూటీ), బాంజో ఖాళీలు నింపుతుంది, ఫిడిల్ ఏడుస్తుంది, నిలువు బేస్ కింద పునాది వేస్తుంది. టోనీ రైస్ ఇలాంటి జనం మధ్య పెరిగినవాడే. బాంజో వాయించే జె.డి. క్రో బ్యాండ్‌లో చేశాడు, తర్వాత మాండలిన్ వాయించే డేవిడ్ గ్రిస్మన్ దగ్గర జాజ్ కలిసిన సంగీతం వాయించాడు, అంత తిరిగి వచ్చి ఈ ఆల్బమ్‌కి మాత్రం అందరినీ ఇంటికి పంపించేసి గిటార్ పట్టుకుని కూర్చున్నాడు. లేనివాళ్ల పనంతా వచ్చి ఆయన కుడిచేతి మీద పడింది.

అది ఎంత పనో నాకు ‘హౌస్ కార్పెంటర్’ దగ్గర తెలిసింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ వైపు నుంచి అపలాచియన్ కొండల్లోకి వలస వచ్చిన పాత కథాగీతం ఇది, ఇలాంటి పాత గీతాలు పోగుచేసిన ఫ్రాన్సిస్ చైల్డ్ సంకలనంలో 243వ నంబరు. పాత ప్రియుడు సముద్రం దాటి వస్తాడు, నీకోసం రాజుగారి కూతుర్నే కాదనుకున్నానంటాడు, ఆవిడ వడ్రంగి మొగుణ్ణీ చంటిబిడ్డనీ వదిలి ఓడెక్కుతుంది, కొన్ని వారాలకే బిడ్డ కోసం ఏడుపు మొదలు, ఆ తర్వాత ఓడ మునక. పల్లవి లేదు. ట్యూన్ మారదు. చరణం మీద చరణం వస్తూనే ఉంటుంది. ఇంకెవరైనా పాడితే ఓడెక్కేలోపే ఆవలింతలు వస్తాయి.

దీన్ని నా గిటార్ మీదికి దించుకుందామని ఒక రాత్రి ఫోన్‌లో సగం వేగానికి తగ్గించి పెట్టాను. మామూలుగా అంత తగ్గిస్తే ఎంత పెద్ద వాద్యగాడి పనైనా అలికేసినట్టు వినిపిస్తుంది, ఒక స్వరం తోక ఇంకో స్వరం మీద పడుతుంది. ఇక్కడ తారుమారైంది. స్వరాల మధ్య ఖాళీలు బయటపడ్డాయి, ఆ ఖాళీలు కూడా లెక్కగా ఉన్నాయి. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తీగని తాకే ముందు వచ్చే సన్నటి చప్పుడు విడిగా వినిపించింది. మాట ఆగి ఊపిరి తీసుకునే చోట రెండు మూడు స్వరాలు జారవిడిచి, తర్వాతి మాట మొదలయ్యేలోపు గిటార్ పక్కకి తప్పుకుంటోంది. అన్నిటికన్నా నన్ను కూర్చోబెట్టింది తాళం. దెబ్బ పడాల్సిన చోటుకి ఒక పిసరు ముందే కొట్టేసి, అసలు చోటు ఖాళీగా వదిలేస్తున్నాడు. ఆ దెబ్బ మన చెవి తనంతట తనే వేసుకుంటోంది. లేని బ్యాండ్ ఉన్నట్టు అనిపించడానికి కారణం అదే అని నా నమ్మకం, సంగీతశాస్త్రం చదివినవాళ్లు ఇంకేమైనా చెబితే వింటాను. హాల్లోంచి మావాళ్లు “ఎవరతను, నిద్రలో పాడుతున్నాడా?” అని అడిగితేగానీ టైమ్ ఎంతైందో చూసుకోలేదు. ఎడమచేతి పని త్వరగానే పట్టుబడింది. కుడిచేతిది ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఎప్పటికి అవుతుందో అడక్కండి. పైగా వచ్చినంత మటుకు కూడా నలుగురు కలిసి వాయించుకునే జామ్‌లో పనికిరాదు, పక్కన బేసూ బాంజో ఉన్నప్పుడు ఇలా వాయిస్తే వాళ్ల కుర్చీల్లో మనం కూర్చున్నట్టే.

అందరినీ ఇంటికి పంపించేశాడన్నాను గానీ పూర్తిగా కాదు. కొన్ని ట్యూన్లలో తమ్ముడు వ్యాట్ రైస్ రెండో గిటార్ పట్టుకున్నాడు. ‘జెరూసలెం రిడ్జ్’ లాంటివాటికి అలా తోడు ఉండాల్సిందే, బ్లూగ్రాస్‌కి ఆద్యుడైన బిల్ మన్రో తన చిన్నప్పటి ఊరు, కెంటకీలోని రోజీన్ దగ్గరి కొండ పేరు పెట్టిన ట్యూన్ అది, ఫిడిల్ కోసం పుట్టింది, ఒక్క గిటార్‌కి బరువే. బాగుంటుంది, కాదనను. కానీ నేను చెప్తున్న విద్య అక్కడ కనిపించదు, అక్కడ కనిపించేది అందరూ మెచ్చుకునే వేగమే. ఇంకో మాట, దీన్ని సంప్రదాయ జానపద రికార్డు అని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. బాబ్ డిలన్, రాల్ఫ్ మెక్‌టెల్, టామ్ పాక్స్‌టన్, గార్డన్ లైట్‌ఫుట్ పాటలు కూడా ఉన్నాయి. ‘స్ట్రీట్స్ ఆఫ్ లండన్’ మొదట్లో ప్రాణం పెట్టి వినేవాణ్ణి, ఇప్పుడు కొంచెం తీపి ఎక్కువైనట్టుంది, కార్లో వస్తే ఒక్కోసారి దాటేస్తా. టైటిల్ పాట, ‘ఆర్ఫన్ ఆనీ’ రెండూ గిటారిస్టు నార్మన్ బ్లేక్‌వి. డిలన్ ‘వన్ మోర్ నైట్’ మొదట వచ్చిన 1969 ఆల్బమ్‌లో గిటార్ వాయించినవాళ్లలో ఆ బ్లేక్ కూడా ఒకడు. ఇలాంటి చుట్టరికాలు వెతుక్కునే జబ్బు మీకూ ఉంటే ఈ రికార్డు బోలెడంత పని చెబుతుంది.

‘రెక్ ఆఫ్ ది ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్’ గురించి ఇంకా తేల్చుకోలేదు. 1975 నవంబరు 10న అమెరికా, కెనడాల మధ్య ఉన్న సుపీరియర్ సరస్సులో మునిగిన సరుకు ఓడ కథ ఇది, 29 మంది పోయారు. ‘హౌస్ కార్పెంటర్’ తర్వాత ఇదే రికార్డులో ఇంకో ఓడ మునగడం నాకు కొన్నాళ్లు ఎక్కువనిపించింది. లైట్‌ఫుట్ సొంత రికార్డింగ్‌లో వెనక ఉన్న హోరు ఇక్కడ లేదు కాబట్టి కథ పొడిగా, పేపర్ చదివినట్టు సాగుతుంది. ఒక్కోరోజు అదే బాగుంటుంది.

గొంతు గురించి చెప్పకుండా ముగించలేను. 1994 తర్వాత ఆయన వేదిక మీద పాడలేదు, గొంతు కండరాలు బిగుసుకుపోయే సమస్య. 2013లో మా నార్త్ కరోలైనాలోని రాలీలోనే బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు బొంగురు గొంతుతో మొదలుపెట్టి, మధ్యలో కాసేపు తన అసలు గొంతుతో మాట్లాడాడు, వీడియో ఉంది, చూడండి. 2020 క్రిస్మస్ రోజున మా రాష్ట్రంలోనే, రీడ్స్‌విల్‌లో పోయాడు. ఇదంతా తెలిశాక ఈ రికార్డు మీద నా తీర్పుకి ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి, ఎందుకంటే గొంతుని గొంతుగా మాత్రమే వినడం నా వల్ల కావడం లేదు. గిటార్ విషయంలో మాత్రం ఆ జాలి ఏమీ కలవలేదని గట్టిగా చెప్పగలను, నాకు అది నచ్చింది ఈ సంగతులేవీ తెలియకముందే.

కొనాలా, వినాలా అంటే: నేను నార్త్ కరోలైనాలో ఉంటాను, ఆఫీసుకి ఒంటరిగా డ్రైవ్ చేస్తాను, గిటార్ మీద ఓ మాదిరిగా చెయ్యి తిరుగుతుంది, ఈ మూడూ ఈ ఆల్బమ్‌కి బాగా కలిసొచ్చాయి. నలుగురు కూర్చున్న చోట పెడితే ఇది వెనక్కి వెళ్లిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. బాంజో హోరు కోసం బ్లూగ్రాస్ వైపు వచ్చినవాళ్లు ముందు జె.డి. క్రో బ్యాండ్‌తో ఈయన చేసిన 1975 రికార్డు వినండి, అది నచ్చాక ఇటు రావచ్చు. గిటార్ వాయించేవాళ్లయితే టైటిల్ పాటతో మొదలుపెట్టకండి, అందరూ దాని ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చూపే రాత) దించుకుని అక్కడే ఆగిపోతారు. ‘హౌస్ కార్పెంటర్’ హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని, మొదటిసారి మాటలు వదిలేసి వినండి.