డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ వాట్సాప్ టిప్‌లైన్: అందరి ఫోన్లో ఉండాల్సిన నంబర్

గ్రూపుల్లో తిరిగే లీడర్ల వీడియో నిజమో, ఏఐతో చేసిన డీప్‌ఫేకో తెలుగులోనే అడిగి తెలుసుకోవచ్చు, మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలీదు. తప్పుడు సమాచారం మీద పోరాడే సంస్థల కూటమి మిస్‌ఇన్ఫర్మేషన్ కాంబాట్ అలయన్స్ వాళ్ళు 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు పెట్టిన టిప్‌లైన్ ఇది. ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగూ ఉంది. అనుమానమున్న వీడియో గానీ ఆడియో గానీ వాట్సాప్‌లో పంపితే చాలు.

నాకు బాగా నచ్చింది వాళ్ళ రిపోర్టులు. ఫేక్ అని ముద్ర కొట్టేసి వదిలేయరు, పెదాలకీ మాటకీ పొంతన ఎక్కడ తప్పింది, అసలు వీడియో ఎక్కడిది, ఏఐని పట్టే టూల్స్‌లో ఏది ఏం చెప్పింది అన్నీ రాస్తారు, టూల్స్ తలోమాట చెప్తే అదీ దాచకుండా పెడతారు, అవసరమైతే బయట ఎక్స్‌పర్ట్‌లని అడుగుతారు. నిర్మలా సీతారామన్ గారి ముఖంతో ఇన్వెస్ట్‌మెంట్ స్కీములు అమ్మే వీడియోల మీద రాసినవి మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకి కూర్చోబెట్టి చూపించండి, ఆ ముఖం చూసే చాలామంది నమ్మేస్తున్నారు.

అయితే ఏఐ కాదని తేలితే నిజమని అర్థం కాదు. 2024 ఏప్రిల్లో రిజర్వేషన్ల మీద అమిత్ షా వీడియో గుర్తుందా, అందులో ఏఐ లేదు, అంతకుముందు ఏడాది చేవెళ్ళలో ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామన్న స్పీచ్‌ని కత్తిరించి అతికించి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలవి తీసేస్తామన్నట్టు చేశారు. దానికి మామూలు ఎడిటింగ్ యాప్ సరిపోతుంది.

ఇంకోటి టైమ్. 2023 నవంబర్ 30న, తెలంగాణలో పోలింగ్ జరుగుతుండగానే, కేటీఆర్ కాంగ్రెస్‌కి ఓటేయమన్నట్టు వీడియో తిరిగింది. అప్పటికి ఈ టిప్‌లైన్ లేదు, ఉన్నా సాయంత్రం లోపు తేల్చి జనానికి చేర్చడం ఎవరి వల్లా అయ్యే పని కాదు, అందుకే అలాంటి రోజుల్లో వచ్చింది వచ్చినట్టు ఫార్వర్డ్ చేయకుండా ఆపడం మన చేతిలోనే ఉంది. ఆడియో అయితే ఇంకా కష్టం, చూడ్డానికి పెదాలుండవు, చేతులు మారేకొద్దీ క్వాలిటీ పడిపోయి టూల్స్‌కి కూడా సరిగ్గా చిక్కదు.

నా భయమంతా పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల గురించే. పెద్ద లీడర్లకైతే పోల్చి చూడ్డానికి యూట్యూబ్‌లో బోలెడు ఒరిజినల్ వీడియోలుంటాయి. వార్డు మెంబర్‌గా నిలబడ్డ ఒకావిడ గొంతుతో ఏ కులాన్నో తిట్టినట్టు ఆడియో వదిలితే ఆవిడ దగ్గర ఏముంటుంది చూపించడానికి? అలాంటి క్లిప్ మీ ఊరి గ్రూపులోకి వస్తే ముందు ఈ టిప్‌లైన్‌కి పంపండి, మన ఊరి సంగతి వాళ్ళకెందుకులే అనుకోకండి.