బడి ఎగ్గొట్టిన పిల్లల పాఠం

న్యూజెర్సీలో ఏడో తరగతికి సోషల్ చెప్తాను. సదరన్ పావర్టీ లా సెంటర్ అనే అమెరికా పౌరహక్కుల సంస్థ వాళ్ల లెర్నింగ్ ఫర్ జస్టిస్ పాఠాలు (1991లో మొదలైనప్పుడు పేరు టీచింగ్ టాలరెన్స్, 2021లో మార్చారు) టీచర్లకి ఉచితం, సరుకు మాత్రం గట్టిది. 1963 మేలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో వర్ణవివక్షకి వ్యతిరేకంగా బడి ఎగ్గొట్టి ఊరేగింపుకెళ్లిన నల్లజాతి పిల్లల మీదికి పోలీసు కుక్కల్ని తోలి, ఫైరింజన్ పైపులతో నీళ్లు కొట్టించారు కదా, దాని మీద వాళ్లిచ్చే డాక్యుమెంటరీ వేస్తే ఎప్పుడూ గోల చేసే వెనక వరస కూడా కిక్కురుమనలేదు. "వాళ్లమ్మ ఊరుకుందా?" అని ఒకడు అడిగాడు, పీరియడ్ మొత్తం దానికే సరిపోయింది. సినిమా 40 నిమిషాలు, అందుకని రెండు పీరియడ్లు పెట్టుకోండి. మధ్యలో ప్రొజెక్టర్ ఆగిపోయి నేను పడ్డ టెన్షన్ వేరే కథ. చిన్న తరగతులకి మాత్రం ఇది వేయకండి, కుక్కల సీను బరువే.