ఇంటికొకటి, మడిగెకొకటి: ఎలక్ట్రానిక్ కరెంటు మీటరుతో ఏళ్ల అనుభవం

నల్లగొండ పట్టణంలో మా ఇంటి ముందు భాగంలో, రోడ్డు వైపు ఒక మడిగె (దుకాణం గది) ఉంది. ఇంటికి గృహ విభాగం కింద, మడిగెకు వాణిజ్య విభాగం కింద వేర్వేరు సర్వీసులు, వేర్వేరు సింగిల్ ఫేజ్ మీటర్లు ఉన్నాయి. పాత చక్రం మీటర్లు తీసేసి ఎలక్ట్రానిక్ మీటర్లు బిగించి చాలా ఏళ్లయింది. యూనిట్లు లెక్కపెట్టడంలో ఈ మీటరు నమ్మదగినదే గాని, అది చూపించేవన్నీ చదవడం వస్తేనే ఆ నమ్మకం మనకు అక్కరకొస్తుందని నా అభిప్రాయం.

మీటరు మీదున్న బటన్ నొక్కుతూ పోతే సీరియల్ నంబరు, తేదీ, సమయం, మొత్తం యూనిట్లు, గరిష్ఠ డిమాండు, వోల్టేజీ వరుసగా వస్తాయి. వీటిలో గరిష్ఠ డిమాండును, అంటే మన వాడకం అత్యధికంగా చేరిన లోడును, చాలామంది పట్టించుకోరు. ఏసీ, బోరు మోటారు, గీజరు ఒకేసారి నడిచిన అరగంట దానిలో నమోదై ఉంటుంది. అది మంజూరైన లోడును మించితే అదనపు లోడుకు డబ్బు కట్టమని నోటీసు వచ్చే అవకాశముంది.

మీటరు వేగంగా తిరుగుతోందన్న అనుమానం ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు వెలిబుచ్చుతూనే ఉంటారు. దాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మా మీటరు పలక మీద యూనిట్‌కు 3200 పల్సులని రాసి ఉంది, అంటే ఎర్ర లైటు 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. మిగతావన్నీ ఆపేసి వెయ్యి వాట్ల హీటరు ఒక్కటే పెడితే నిమిషానికి సుమారు 53 సార్లు మిణుకుమనాలి. అయితే వోల్టేజీ మామూలుగా ఉండే 230 నుంచి 210కి పడిపోయిన సాయంత్రం అదే హీటరు తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆ లెక్క 44కు దిగుతుంది. ముందు వోల్టేజీ చూసుకుని తర్వాత లెక్కపెట్టాలి. రెండు మీటర్లనూ నేను ఇలా పలుమార్లు పరీక్షించాను, లెక్క తప్పిన సందర్భం లేదు.

అలాంటి మీటరే ఒక దశలో ఇంటి బిల్లును ఎందుకు పెంచిందన్నది ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతి. ఇన్వర్టరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇంటి న్యూట్రల్‌ను (కరెంటు తిరిగొచ్చే తీగను), మడిగె న్యూట్రల్‌ను ఒకేచోట కలిపేసి వెళ్లాడు. ఆనాటి నుంచి రెండు మీటర్ల మీదా, వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా ఉందని చెప్పే ఎర్త్ లైటు వెలుగుతూ ఉంది. ఈ రకం మీటరు ఫేజు తీగలో పోయే కరెంటును, న్యూట్రల్ తీగలో తిరిగొచ్చే కరెంటును విడివిడిగా కొలుస్తుంది. రెండూ సమానంగా లేకపోతే ఏది ఎక్కువైతే దాని ప్రకారం యూనిట్లు వేస్తుంది. కరెంటు చౌర్యాన్ని అరికట్టడానికి చేసిన ఏర్పాటు ఇది, మంచిదే. కానీ న్యూట్రళ్లు కలిసిపోయిన ఇంట్లో, పక్క సర్వీసు వాడకంలో కొంత భాగం మన మీటరు మీద కూడా పడుతుంది. ఫేజును మాత్రమే తెంపే ఇంటి మెయిన్ ఎంసీబీ (మెయిన్ స్విచ్చి) దించి చూశాను. ఇల్లంతా ఆగిపోయినా, మడిగెలో ఫ్రిజ్ నడుస్తున్నంతసేపు ఇంటి మీటరు లైటు మెల్లగా మిణుకుమంటూనే ఉంది, ఫ్రిజ్ ఆగగానే అదీ ఆగింది. న్యూట్రళ్లను విడదీయించి, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంపే డబుల్ పోల్ ఎంసీబీలు పెట్టించాక ఎర్త్ లైట్లు ఆరిపోయాయి, వాడకం మునుపటి స్థాయికి వచ్చింది. ఒకే ఆవరణలో రెండు సర్వీసులున్న ప్రతి ఒక్కరూ ఈ ఒక్క లైటును చూసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

ఆ కొద్దిపాటి అదనపు యూనిట్లు ఏపాటివని కొట్టిపారేయడానికి వీల్లేదు. నాకు తెలిసిన రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు చార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ పడగానే మొదటి యూనిట్ నుంచీ రేటు మారి అది 1027 రూపాయలు దాటుతుంది. 2024 మార్చి నుంచి, 200 యూనిట్ల వరకు వాడే ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలకైతే ఆ ఒక్క యూనిట్‌తో బిల్లు మొత్తం కట్టవలసి వస్తుంది. అందుకే బిల్లు కొట్టిన రోజు రీడింగును క్యాలెండరు మీద రాసి, ఇరవయ్యో రోజున మళ్లీ చూసుకోవడం మా ఇంట్లో అలవాటైంది.

లోపాల విషయానికొస్తే, పడమటి గోడకున్న మా ఇంటి మీటరు తెర ఎండాకాలం మధ్యాహ్నాలు నల్లబడి అంకెలు కనిపించకుండా పోతుంది. ఉదయానికి మామూలుగానే ఉంటుంది, లెక్కకు ఏ ఇబ్బందీ లేదు. మీటరు పైమూత ప్లాస్టిక్ మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారి మసకబారింది. సాధ్యమైతే మీటరును నీడపట్టున, కళ్లకు సమానమైన ఎత్తులో పెట్టించుకోవడం మేలు.

మీటరు మార్చే రోజున పాతదాని చివరి రీడింగును, కొత్తదాని మొదటి రీడింగును, రెండింటి సీరియల్ నంబర్లతో సహా సిబ్బంది ఎదుటే ఫోటో తీసుకోండి. తర్వాతి బిల్లులో తేడా వస్తే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసినా, సెక్షన్ ఆఫీసుకు వెళ్లినా ముందుగా అడిగేది ఆ అంకెలనే.